ఐదు మెత్తలు, ఒక నడుము

మా మేనత్త పోయిన కబురు నాకు సోఫాతో కలిపి వచ్చింది. పొద్దున ఆరున్నరకు కోరుట్ల నుంచి మామ ఫోన్ చేశాడు. జగిత్యాలలో మా ఇంటికి అప్పుడే నల్లా వచ్చింది. నేను నిండిన బిందె తీసి ఖాళీ బిందె పెడుతున్నాను. "మీ అత్త పోయిందిరా" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే, "సోఫా బయట పెట్టాలె. ఇద్దరికి లేస్తలేదు. నువ్వు జల్ది రా" అని పెట్టేశాడు.

మనిషి పోయిన ఇంట్లో ముందు గది ఖాళీ కావాలి. నేల మీద పడుకోబెట్టాలి, తల దగ్గర దీపం పెట్టాలి, చుట్టూ ఆడవాళ్లు కూర్చోవాలి. అత్త వాళ్ల ముందు గదిలో సగం సోఫాయే. కాబట్టి ఆ ఇంట్లో చావు పనుల్లో మొదటిది ఏడవడం కాలేదు, సామాను జరపడం అయింది. నేను వెళ్లేసరికి అత్త ఇంకా లోపలి గదిలో మంచం మీదే ఉంది, తన సోఫా తనకు దారి ఇచ్చేదాకా ఆగినట్టు.

సోఫా మీద నాలుగు మెత్తలే ఉన్నాయి. ఐదు ఉండాలి. "గుండ్రంది ఏది మామా?" అని అడిగాను. చావింట్లో అడగాల్సిన మొదటి ప్రశ్న అది కాదని నాకు తెలుసు. మామ నా వైపు చూడలేదు. "లోపట ఉన్నది. ముందుగాల పట్టు" అన్నాడు. పక్కింటాయనతో కలిసి ముగ్గురం సోఫాను వాకిట్లోకి, అక్కడి నుంచి రోడ్డు మీద వేసిన టెంటు కిందికి మోశాం.

ఇలాంటి వ్యాసాల్లో పోయినవారు మామూలుగా ఏదో ఒకటి సాధించి ఉంటారు. బడి కట్టించి ఉంటారు, పదిమందికి దారి చూపి ఉంటారు, కనీసం ఇంట్లో ఒక సన్మానపు శాలువా అయినా ఉంటుంది. మా అత్త సోఫా మీద ఐదు మెత్తలు సర్దింది. ఆరేళ్లపాటు, రోజూ పొద్దున, ముఖం కడుక్కున్నాక, చాయ్ తాగకముందు. అంతకు మించిన విజయమేదైనా ఉన్నట్టు నా దగ్గర సమాచారం లేదు. ఉన్నదాన్నే వీలైనంత పూర్తిగా చెబుతాను.

మెత్త అంటే దిండు. మా వైపు దిండును అలాగే అంటాం, అది ఎంత గట్టిగా ఉన్నా సరే.

సోఫాకు ముందు ముప్పై ఏళ్లు ఆమె బీడీలు చేసింది. కోరుట్లలో ఈ మాట చెబితే ఎవరికీ వివరం అక్కర్లేదు. మిగతావారి కోసం చెబుతున్నాను. ఒళ్లో చాట, చాటలో కత్తిరించిన తునికాకు, తంబాకు, దారపు ఉండ. నేల మీద మఠం వేసుకుని, మెడ వంచి, పొద్దున్నుంచి దీపాలు పెట్టేదాకా అదే పని. వెనక గోడ ఉంటుంది కానీ ఆనుకోవడానికి ఉండదు. ఆనుకుంటే చాట వాలుతుంది, చాట వాలితే తంబాకు రాలుతుంది. అలా ముప్పై ఏళ్లు గోడకు జానెడు దూరంలో కూర్చున్న మనిషికి ఆనుకోవడమనే అలవాటే పోయింది. నడుము నొప్పి మాత్రం మిగిలింది. అది మా కుటుంబంలో అందరికీ తెలిసిన నొప్పి, పాత చుట్టం లాంటిది. వచ్చిందంటే ఎవరూ లేచి నిలబడరు. ఆమె నడుము పట్టుకుంటే మేం తల కూడా తిప్పేవాళ్లం కాదు. "బీడీల నడుము" అనేవాళ్లం. ఆ వాడలో ఏ ఇంట్లో అడిగినా అదే నడుము.

కార్ఖానాలో వంకర బీడీలు తీసి పక్కన పడేసేవారు. వంకరదాన్ని కట్ట నడుమ పెట్టి చుట్టూ చక్కటివి పేర్చడం అత్తకు వచ్చు. "వంకరను దాస్తె దాగదురా. సదిరితె దాగుతది" అనేది. ఆ మాట నాకు బాగా నచ్చింది. నా మార్కుల మెమోలు ఇంటర్వ్యూలో చూపించేటప్పుడు పనికొస్తుందనుకున్నాను. ఆమె దాన్ని దేనికి వాడబోతుందో అప్పుడు తెలియదు.

కళ్లు మసకబారి పని మానేసిన రోజున చాటను తలుపు వెనక మేకుకు తగిలించి, ఇక నేల మీద కూర్చోనని ప్రకటించింది. సోఫా జగిత్యాలలో కొన్నాం. నేను అప్పుడు డిగ్రీ మొదటి సంవత్సరం. చదువుకున్నోడు మోసపోడన్న భ్రమతో నన్ను వెంటబెట్టుకుంది. షాపులో ప్రతి సోఫా మీదా నేను దొర్లి చూశాను. ఆమె దేని మీదా కూర్చోకుండా చేతులు వెనక్కి కట్టుకుని మూలలు మాత్రం చూసింది. ఇంటికి వచ్చినవాడు ఇల్లు చూడడట, మూల చూస్తాడట. ట్రాలీ ఆటోలో సోఫా ఎక్కించాక డ్రైవర్ పక్కన చోటుందన్నా వినలేదు. వెనక సోఫా మీదే కూర్చుంది. జగిత్యాల నుంచి కోరుట్ల దాకా ఎండలో, కొంగు తలకు చుట్టుకుని, ఊరేగింపులో అమ్మవారిలా. అయితే అమ్మవారికైనా వెనక ఏదో ఒక ఆసరా కడతారు. ఈమె అంచున నిటారుగా కూర్చుంది. నేను పక్కన కాళ్లు చాపి పడ్డాను. జర ఒరుగు అత్తా, నీదే గదా అంటే, కొత్తది మాసిపోతుందని జవాబిచ్చింది. దారిలో బస్సుల్లోని జనం కిటికీల్లోంచి తొంగి చూశారు. ఆమె ఒక్కరికీ తల తిప్పలేదు. ఆ రోజు ఆమె ముఖంలో ఉన్న గంభీరత నేను తర్వాత ఒక్కసారే చూశాను, ఆమె పోయిన రోజున.

మెత్తలు సిరిసిల్ల నుంచి వచ్చాయి. అత్త కూతురు, నాకు వదిన, అక్కడే ఉంటుంది. ఆమె భర్త సాంచెలు నడుపుతాడు. పవర్‌లూమును అక్కడ సాంచె అంటారు. సాంచెల కింద రాలిన తెగిన నూలు పోగులను వదిన సంచుల్లో కుక్కి పంపింది. తానుల చివర మిగిలిన బట్ట ముక్కలు కూడా పంపింది. అత్త ఆ ముక్కలతో గలీబులు కుట్టి, పోగులు కూరింది. షాపులో అమ్మే స్పాంజి మెత్తను నొక్కితే వెంటనే లేచి వస్తుంది, ఏమీ జరగనట్టు. నూలు పోగు అలా కాదు. నొక్కినచోట నొక్కినట్టే ఉంటుంది, ఎవరో ఒకరు కొట్టి సరిచేసేదాకా. "దీనికి యాదుంటదిరా" అనేది అత్త, మెత్తను తట్టి.

సర్దే పద్ధతి ఇది. రెండు మూలల్లో రెండు పెద్ద ఆకుపచ్చవి, చతురస్రంగా కాదు, ఒక కొన మీద నిలబెట్టాలి. వాటి ముందు ఒక్కొక్క చిన్న పసుపుది, అదీ కొన మీదే. ప్రతిదాని నెత్తిన అరచేతి అంచుతో ఒక్క దెబ్బ. గట్టిగా కాదు, మెల్లగా కాదు. పనిచేయని రేడియోను కొట్టినంత. అప్పుడు దానికి రెండు చెవులు లేస్తాయి. చెవులు సమంగా లేవకపోతే మళ్లీ మొదటి నుంచి. నడుమ గుండ్రటి ఎర్రది. దానికి దెబ్బ లేదు. రెండు అరచేతుల మధ్య పట్టుకుని, చంటిపిల్ల ముఖం తిప్పినట్టు తిప్పి, వెనక్కి ఆనించి వదిలేసేది. దాని ముందు వైపు తెల్ల దారంతో ఒక పువ్వు కుట్టింది. అది ఆమెకు వచ్చిన ఒకే ఒక్క పువ్వు.

ఇంటికి వచ్చినవాళ్లు పసుపుకూ ఎరుపుకూ మధ్య కూర్చోవాలి. ఒరగకూడదు. ఒరగకూడదని ఆమె ఎవరికీ చెప్పేది కాదు, ఎదురుగా కుర్చీలో కూర్చుని చూసేది. పెద్ద పెద్ద మనుషులు ఆ సోఫా మీద పాస్‌పోర్టు ఫోటో దిగుతున్నట్టు కూర్చోవడం నేను చూశాను. ఒకసారి ఉండబట్టలేక అడిగేశాను, ఒరగని మెత్తలు ఎందుకని. ఆమె చెప్పిన జవాబును నేను చాలాచోట్ల నా మాటగా చెప్పుకున్నాను, ఇప్పుడు తిరిగి ఇచ్చేస్తున్నాను.

"మెత్త ఉన్నది ఒరిగెతందుకు గాదురా అల్లుడా. ఒరుగచ్చు అని చెప్పెతందుకు."

మేనల్లుడికి మేనత్తను ఆటపట్టించే హక్కు ఉంటుంది. ఆ హక్కును నేను దుర్వినియోగం చేసినంతగా ఉమ్మడి జిల్లాలో ఇంకెవరూ చేసి ఉండరు. ఆమెకు మెత్తల శాఖ మంత్రి అని పేరు పెట్టాను. ఆమె పొద్దున చేసే పనికి ఫోన్‌ను మైకులా పట్టుకుని వ్యాఖ్యానం చెప్పేవాణ్ని. ఆమె ఊరుకునేది కాదు. నీకు నౌకరి రాలేదు గానీ నోరు మాత్రం వచ్చిందనేది. నీ పెండ్లికి కట్నం అడగం, చెవుల్లో పెట్టుకోవడానికి దూది అడుగుతామనేది. ఒకసారి ఆమె స్నానానికి వెళ్లినప్పుడు రెండు ఆకుపచ్చవి అటుదిటు, ఇటుదటు మార్చాను. రెండూ ఒకే బట్ట, ఒకే కొలత. ఆమె తల తుడుచుకుంటూ గడప దగ్గరే ఆగి, కళ్లద్దాలు కూడా లేకుండా, "మార్చినవ్ గదరా" అంది. ఎట్లా తెలిసిందో చెప్పలేదు. మంత్రులు అన్నీ చెప్పరు.

ఇప్పుడు చెప్పాల్సింది చెబుతాను. నిజానికి ఈ వ్యాసం రాస్తున్నది దీని కోసమే. ఇంతసేపు మూలలు సర్దాను.

పోయిన దీపావళి అయిన వారానికి నేను కోరుట్ల వెళ్లాను. మధ్యాహ్నం. తలుపు దగ్గరగా వేసి ఉంది. తోసుకుని వెళ్తే అత్త సోఫా మీద ఒరిగి ఉంది. గుండ్రటి ఎర్రది నడుము వెనక పెట్టుకుని, కళ్లు మూసుకుని, ఒక చేయి సోఫా చేతి మీద వేసి. నేను ఆమెను అలా ఎప్పుడూ చూడలేదు. సూర్యుడు పడమర ఉదయించినా అంత ఆశ్చర్యపోయేవాణ్ని కాదు, అది నేను లేచే వేళకు ఎలాగూ తెలియదు కాబట్టి. ఆమె కళ్లు తెరిచింది. నన్ను చూసి లేవలేదు. అది రెండో వింత. మెల్లగా, "అల్లుడా, గీ నడుములకెల్లి..." అంది.

అంతే అంది. ఎందుకంటే అప్పటికే నేను ఫోన్ తీసి ఫోటో కొట్టేశాను. క్లిక్ చప్పుడుకు ఆమె ఆగింది. నేను అక్కడే నిలబడి కుటుంబం గ్రూపులో పెట్టాను: "ఇప్పుడే అందిన వార్త. ముప్పై ఏండ్ల తర్వాత అత్త ఒరిగింది. మెత్త పరిస్థితి నిలకడగా ఉంది."

ఇది నా జీవితంలో బాగా పేలిన జోకు. సిరిసిల్ల నుంచి వదిన ఒక వరసంతా నవ్వు బొమ్మలు పంపింది. మా నాన్న, గ్రూపులో గుడ్ మార్నింగ్ తప్ప ఏదీ పెట్టని మనిషి, చెల్లె బీడీల నడుము గదా, ఒరగనియ్యుండ్రి అని గొంతు రికార్డు చేసి పెట్టాడు. నేను అవన్నీ అత్తకు వినిపించాను. ఆమె కూడా నవ్వింది. నిజంగానే నవ్వింది, కళ్లలో నీళ్లు వచ్చేదాకా. తర్వాత సోఫా చేయి పట్టుకుని లేచింది, మెత్త తీసి రెండు అరచేతుల మధ్య తిప్పింది, దాని జాగలో పెట్టింది. నడుములో ఏమైందని నేను అప్పుడు అడిగాను, అడిగాననే చెప్పాలి. "ఏం లేదు, ఊకెనే" అని చాయ్ పెట్టడానికి వెళ్లింది.

ఆ తర్వాత ఆమె ఒరగడం మేం ఎవరం చూడలేదు.

మూడు నెలలు గడిచాయి. వదిన పుట్టింటికి వచ్చినప్పుడు అత్త వంగి చెప్పు తొడుక్కోలేక, చెప్పును గోడకు ఆనించి కాలు దూర్చడం చూసింది. ఆ రోజే కారు మాట్లాడి పెద్ద దవాఖానకు తీసుకుపోయారు. ఫైలు మోయడానికి నన్ను పిలిచారు. రెండు రోజులు పరీక్షలు. ఆ నొప్పి బీడీలది కాదు. వేరే ఎక్కడో మొదలైన కాన్సర్ వెన్నెముక ఎముకల్లోకి దిగింది. ముప్పై ఏళ్ల పాత నొప్పి చాటున కొత్త నొప్పి వచ్చి కూర్చుంటే, మేం అందరం దాన్ని పాత చుట్టమే అనుకున్నాం.

డాక్టర్ ఫైలు ముందు పెట్టుకుని, ఈ నొప్పి ఎప్పటి నుంచి అని అడిగాడు. అత్త ఎప్పుడూ ఉండేదే సారూ అంది. పాతది కాదమ్మా, ఇది ఎప్పుడు మొదలైందని మళ్లీ అడిగాడు. ఎవరికీ తెలియదు. మామ నేల చూశాడు. అప్పుడు వదిన తన ఫోన్ తీసింది. గ్రూపు తెరిచి పైకి, ఇంకా పైకి జరిపింది. పెండ్లిపత్రికలు, పుట్టినరోజులు, గుడ్ మార్నింగులు అన్నీ దాటి, ఆగి, ఫోన్ బల్ల మీద పెట్టింది.

"గీ రోజు సార్" అంది.

డాక్టర్ ఫోటో చూశాడు. కింద నేను రాసింది కూడా చదివాడు. నవ్వలేదు. తారీఖు చూసి కాగితం మీద రాసుకున్నాడు. అలా నా జోకు మా అత్త కేసు కాగితంలో మొదటి లక్షణంగా ఎక్కింది. నేను డిగ్రీ దాకా రాసినవాటిలో ఒక ప్రభుత్వ రికార్డుకో, ప్రైవేటు రికార్డుకో పనికొచ్చింది అదొక్కటే.

అందరూ బయటికి నడిచాక నేను వెనక్కి వెళ్లి అడిగాను, అప్పుడే తీసుకొచ్చి ఉంటే ఏమయ్యేదని. ఆయన మంచివాడు, అబద్ధం చెప్పలేదు. "ప్రాణం సంగతి చెప్పలేను. నొప్పి మాత్రం అప్పటి నుంచే తగ్గించేవాళ్లం" అన్నాడు. ఆ మొదటి మాటతో ఆగి ఉంటే నేను దేవుణ్ని తిట్టుకుని ఊరుకునేవాణ్ని. ఆ రెండో మాటలో దేవుడు లేడు. మూడు నెలల నొప్పి ఉంది, నేను ఉన్నాను.

చివరి రోజుల్లో అత్త మంచం లోపలి గదిలో వేశారు. తలుపు తెరిస్తే ఎదురుగా సోఫా. ఆమె లేవలేకపోయేది కాబట్టి పొద్దున పని నాకు వచ్చింది. జగిత్యాల నుంచి మొదటి బస్సుకు వెళ్లేవాణ్ని. నాకు చెవులు రావు. ఒకటి లేస్తే ఒకటి పడుకుంటుంది. ఆమె మంచం మీద నుంచే నడిపించేది. ఎడమది ఇంకింత జరుపు అంటుంది, జరిపితే నీ ఎడమ గాదురా, సోఫా ఎడమ అంటుంది. సోఫాకు కూడా ఎడమ ఉంటుందని నాకు ఇరవై నాలుగేళ్లు వచ్చాక తెలిసింది. దెబ్బ గట్టిగా పడితే, దాన్ని సంపకురా, కొట్టమన్న అనేది. గుండ్రటి ఎర్రది మాత్రం నన్ను ముట్టనిచ్చేది కాదు, నేను వెళ్లేసరికే మామ దాన్ని పెట్టి ఉంచేవాడు. నవ్వడానికి ఆమెకు ఊపిరి చాలేది కాదు. అయినా నేను మానలేదు, ఆమె కూడా మానలేదు. మాకు వేరే భాష రాదు.

ఒక పొద్దున మెత్తలన్నీ ఆమె ఒప్పుకునేలా కుదిరాయి. మందు పడి నొప్పి తగ్గిన ఘడియ అది. నేను మంచం దగ్గర కూర్చుని, ఆ రోజు నువ్వేదో చెప్పబోయినవ్ అత్తా అన్నాను. ఏ రోజని అడగలేదు ఆమె. తలుపులోంచి సోఫా వైపు చూసింది.

"చెప్పబోయిన. నువ్వు నవ్విచ్చినవ్. నవ్వినంక ఏడుపు ముచ్చట ఏం చెప్పుదురా" అంది. తర్వాత కళ్లు మూసుకుని, "ఆ ఫోటో తీసెయ్యకు. ఒరిగిన ఫోటో నాది గదొక్కటే ఉన్నది" అంది.

అందులో నిన్ను క్షమించాను అన్న మాట లేదు. నేను చాలాసార్లు వెతికాను. లేదు.

పోయిన రోజున సోఫా టెంటు కింద రోడ్డు మీద ఉంది. ఆరేళ్లలో మొదటిసారి దాని మీద మనుషులు ఇష్టం వచ్చినట్టు కూర్చున్నారు. దూరపు చుట్టం ఒకాయన ఆకుపచ్చది చంకలో పెట్టుకుని నోరు తెరిచి నిద్రపోయాడు. కూర్చోలేని బాధ ఉన్న ఇంకొక పెద్దమనిషి పసుపుది అడుగున వేసుకున్నాడు. డప్పులు మోగుతుంటే నేను జనంలో తిరిగి నాలుగు మెత్తలూ ఒక్కొక్కటే అడిగి తీసుకున్నాను. అడుగునున్నది తీసుకోవడానికి ఆ పెద్దమనిషిని లేపాల్సి వచ్చింది. పిల్లగానికి దుఃఖంతో తల తిరిగిందని ఎవరో అన్నారు. ఇంకొకరు, వీడు ఇక్కడ కూడా పరాచికాలాడుతున్నాడన్నారు. మనిషి ఒకసారి జోకర్‌గా నమోదైతే చావింట్లో కూడా పేరు కొట్టేయరు.

ఫ్లెక్సీకి ఫోటో కావలసి వచ్చింది. ఉన్నవి రెండే. ఒకటి బీడీల గుర్తింపు కార్డు మీది, అందులో ఆమె పోలీసు స్టేషన్‌లో దిగినట్టుంది. రెండోది నాది. వదిన రెండోదే ఇచ్చింది. ఫ్లెక్సీ షాపువాళ్లు మనిషిని మాత్రం ఉంచి సోఫా, మెత్త అన్నీ తీసేశారు. వెనక నీలం ఆకాశం, తెల్ల మబ్బులు పెట్టారు. ఇప్పుడు ఇంటి ముందు కరెంటు స్తంభానికి కట్టిన బ్యానర్ మీద మా అత్త కళ్లు మూసుకుని, ఒక చేయి గాలిలో పెట్టి, మబ్బులకు ఒరిగి ఉంది. చూసినవాళ్లు ఎంత ప్రశాంతంగా పోయిందో అన్నారు. అది నొప్పి పట్టిన ముఖమని తెలిసినవాళ్లం అక్కడ నలుగురం ఉన్నాం.

పదకొండో రోజు భోజనాలయ్యాక ఇల్లు కడిగి, పసుపునీళ్లు చల్లి, సోఫాను లోపలికి మోశాం. మామకు వరుసకు అక్కయ్యే ముసలావిడ ఒకామె ఉంది, చావు నియమాలన్నీ ఆమె నోట్లో ఉంటాయి. పోయినామె పడుకున్నదీ, కప్పుకున్నదీ, ఒరిగినదీ ఏదీ ఇంట్లో ఉండకూడదంది. చాప వెళ్లింది, బొంత వెళ్లింది, మంచం మీది మెత్త వెళ్లింది. తీసుకుపోయే ఆయన గడప అవతల మూట కట్టుకుంటున్నాడు. ముసలావిడ సోఫా దగ్గరికి వచ్చి ఆగింది.

"ఏమే బిడ్డా, గీ మెత్తలకు ఒరిగేదా మీ అవ్వ?" అని వదినను అడిగింది.

పదకొండు రోజుల్లో మొదటిసారి గదిలో చిన్నగా నవ్వు లేచింది. "మా అవ్వ ఒరుగుడా? ముప్పై ఏండ్లల ఒక్కపారి ఒరిగితె గది వాట్సాప్‌ల అచ్చింది" అంది వదిన, అంటూనే ఏడ్చింది. ముసలావిడ కాసేపు ఆలోచించి తీర్పు చెప్పింది. ఒక్కసారికి పట్టింపు లేదట. ఉంచుకోవచ్చట.

నేను మూలల్లో ఆకుపచ్చవి నిలబెట్టాను. పసుపువి పెట్టాను. నాలుగు దెబ్బలు, ఎనిమిది చెవులు. అప్పుడు మామ లోపలికి వెళ్లి, అల్మరా పై అర నుంచి గుండ్రటి ఎర్రది తెచ్చి నా చేతుల్లో పెట్టాడు. రెండు అరచేతుల మధ్య తిప్పబోయాను. వేళ్లు లోపలికి దిగాయి.

ముందు వైపు తెల్ల పువ్వు, నిండుగా, ఎప్పటిలాగే. వెనక వైపు గుంట. ఒక రోజుది కాదు, పది రోజులదీ కాదు. నూలు పోగులు రాయిలా గట్టిపడి, ఒక నడుము ఒంపు ఎంత ఉంటుందో అంత, అచ్చు తీసినట్టు. గుంట అడుగున గలీబు రంగు మారింది. ముక్కు దగ్గర పెట్టుకోనక్కర్లేకుండానే నొప్పి నూనె వాసన వచ్చింది. మాలో ఎవరికీ కనిపించకుండా ఆమె రోజూ దీనికి ఒరిగింది. వాకిట్లో చెప్పుల చప్పుడు వినగానే లేచి, దీన్ని తిప్పి, పువ్వు ముందుకు పెట్టి, ఎదురు కుర్చీలో నిటారుగా కూర్చుంది. వచ్చిన చెప్పుల్లో ఎన్నోసార్లు నావీ ఉన్నాయి.

ముసలావిడ ఇంకా అక్కడే ఉంది. మూట కట్టే ఆయన ఇంకా గడప దగ్గరే ఉన్నాడు. నేను గుంట వైపును నా పొట్టకు ఆనించి పట్టుకుని నిలబడ్డాను. నోట్లో ఒక్క జోకు లేదు. మామ నా చేతుల వైపు చూశాడు. పదకొండు రోజులు ఆ మెత్త ఎందుకు లోపల ఉందో అప్పుడు అర్థమైంది. ఆయనకు ముందే తెలుసు. ఆమె చెప్పొద్దని ఆయనతో అని ఉంటుంది, ఆయన చెప్పలేదు. ఇప్పుడు కూడా గొంతు పెంచలేదు.

"దాని జాగల దాన్ని పెట్టు" అన్నాడు. "మొకం ముంగటికి."

పెట్టాను. మూడు వారాలైంది. పరామర్శకు వచ్చినవాళ్లు ఇప్పటికీ పసుపుకూ ఎరుపుకూ మధ్య, అంచున, ఒరగకుండా కూర్చుంటున్నారు. ఎదురు కుర్చీ ఖాళీగా ఉన్నా సరే. ఎర్రటిది వాళ్ల పక్కనే ఉంటుంది. ముందు నుంచి చూస్తే గుండ్రంగా, నిండుగా ఉంటుంది.